ఒక్క దేశానికి తప్ప

మిలోయ్కా మనుషుల్ని తలకిందులుగా చూసేది. ఆమె కెమెరా అలాంటిది. మూడు కాళ్ళ మీద నిలబడిన ఆ పాత చెక్కపెట్టె వెనక నల్లగుడ్డ కప్పుకుని తల దూరిస్తే, గరుకు అద్దం మీద ఎదుటి మనిషి తిరగబడి కనిపిస్తాడు. గడ్డం పైన, జుట్టు కింద. నోవా గోరిత్సాలో సరిహద్దు పాసు కావాలంటే ముందు ఆమె ముక్కాలిపీట మీద కూర్చోవాల్సిందే. పదేళ్ళలో ఆ ఊరి ముఖాలన్నీ ఒక్కసారైనా ఆ అద్దంలో తలకిందులుగా తేలి వెళ్ళాయి. అందుకేనేమో, వీధిలో ఎవరైనా ఎదురై పలకరిస్తే పోల్చుకోవడానికి ఆమెకి ఒక క్షణం పట్టేది.

ఊరు ఆమె స్టూడియోకన్నా ఏడేళ్ళే పెద్దది. యుద్ధం ముగిశాక ఎక్కడో దూరాన బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు గీసిన గీత పాత గోరిత్సా పట్నాన్ని ఇటలీకి ఇచ్చింది, చుట్టూ ఉన్న పల్లెల్ని, రైలు స్టేషన్ని యుగోస్లావియాకి ఇచ్చింది. పట్నం పోగొట్టుకున్న పల్లెల కోసం చేల మధ్య ఇంకో పట్నం కట్టారు. గీత పడేనాటికి మిలోయ్కాకి ఇరవై రెండేళ్ళు. పాత పట్నంలో ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర పని నేర్చుకుంటోంది. ఆ వారం కెమెరా కాలు విరిగితే వడ్రంగి పనికి పేరుపడ్డ తన ఊరు సోల్కన్‌కి బాగుచేయించడానికి తెచ్చింది. యజమాని అటు ఉండిపోయాడు, కెమెరా ఇటు ఉండిపోయింది.

పాసు అంటే అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకం. గీతకి దగ్గర ఊళ్ళవాళ్ళకి ఇస్తారు. దాంతో నెలకి నాలుగుసార్లు అటు వెళ్ళి రావచ్చు. ఇటువాళ్ళు కాఫీకి, బట్టలకి వెళ్తారు. అటువాళ్ళు మాంసానికి, పెట్రోలుకి వస్తారు. ఆదివారాలు గేటు దగ్గర తిరనాళ్ళలా ఉండేది.

"నవ్వకు పెప్కా, ఫొటో చెడుతుంది," అనేది మిలోయ్కా నల్లగుడ్డలోంచి.

"నవ్వితే తప్పేంటమ్మా? ఏడుస్తూ దిగమంటావా?"

"నవ్వే మొహం చూస్తే గేటు దగ్గర వాళ్ళకి అనుమానం. ఏదో దాచుకొచ్చావనుకుంటారు."

"దాచుకోకపోతే వెళ్ళడం దేనికి? పోయినసారి నాలుగు గౌన్లు ఒకదాని మీద ఒకటి వేసుకొచ్చాను. నడుస్తుంటే పీపా దొర్లినట్టుంది. ఆ పోలీసు కుర్రాడు అడుగుతాడూ, 'పొద్దున్న వెళ్ళినప్పుడు సన్నగా ఉన్నావే పిన్నీ' అని. 'అటువాళ్ళు భోజనం బాగా పెట్టారు నాయనా' అన్నాను."

అందరూ ఆమెకి అటు సంగతులు చెప్పేవాళ్ళు. ఏ వీధి మూల కాఫీగింజలు వేయిస్తారో, చర్చి మెట్ల దగ్గర చెస్ట్‌నట్లు అమ్మే ఆవిడ ఈ ఏడు వచ్చిందో లేదో. మిలోయ్కా అన్నీ వినేది. తను మాత్రం దాటలేదు. ఆమెకి పాసు ఇవ్వలేదు.

కారణం తమ్ముడు జ్మాగో. నలభై ఎనిమిది సెప్టెంబరులో వాడికి సైన్యంలో చేరమని కాగితం వచ్చింది. వాడికప్పుడు ఇరవై ఏళ్ళు. ఇంకో రెండు రోజుల్లో వెళ్ళాలనగా, తల్లి యుస్తీనాతో, అక్కతో కలిసి మొక్కజొన్న కంకులు విరవడానికి చేలోకి వెళ్ళాడు. ఒక్కొక్కరూ ఒక్కో వరస పట్టారు. వాడు కంకులు విరుస్తూ, బుట్టలో వేస్తూ, ఈలపాట పాడుతూ వరస చివరికంటా వెళ్ళాడు. వరస చివర గీత. ఈలపాట కొంచెంసేపు వినిపించింది, తర్వాత ఆకుల చప్పుడు వినిపించింది. సాయంత్రం మిలోయ్కా వెళ్ళి చూస్తే నిండిన బుట్ట ఉంది, మనిషి లేడు.

మూడేళ్ళకి బెల్జియం నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. బొగ్గుగనిలో పని దొరికిందని, బాగున్నానని. అడ్రసు రాయలేదు. రాస్తే అక్కకి చిక్కులొస్తాయని కాబోలు. కార్డు మీద వానలో తడిసిన ఇటుక వీధి బొమ్మ ఉంది. తల్లి దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చూసేది. ఇంకో రెండేళ్ళకి ఆమె పోయింది.

మిలోయ్కా ఏటా దరఖాస్తు పెట్టేది. నవంబరులో కొత్త ద్రాక్షసారా పీపాలు తెరిచే మార్టిన్ పండగ మర్నాడు, గిరాకీ లేని మధ్యాహ్నం పూట, తనే ముక్కాలిపీట మీద కూర్చునేది. భర్త లోయ్జె ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పాలిష్ పనిచేసేవాడు. పాలిష్ వాసనొచ్చే చేతుల్తో వచ్చి, కెమెరా రబ్బరు బుడ్డి నొక్కి ఫొటో తీసేవాడు.

"ఈ ఏడు బాగా కుదిరింది మిలోయ్కా. ఈ మొహానికి కాదనలేరు."

"పోయినేడూ ఇదే అన్నావ్."

"పోయినేడు మొహం పోయినేటిది."

జవాబు ఒక్క వాక్యంలో వచ్చేది. విన్నపం అంగీకరించబడలేదని. ఫొటో తిరిగి ఇవ్వరు. అలా పది ఫొటోలు ఆఫీసు బీరువాలో ఎక్కడో ఉండిపోయాయి, ముప్పై ఏళ్ళ మిలోయ్కా నుంచి ముప్పై తొమ్మిదేళ్ళ మిలోయ్కా దాకా.

ఆ ఏళ్ళలో ఆమెకి ఒక కల వచ్చేది. సోచా నది మీంచి లేచిన పొగమంచు మొక్కజొన్న చేల మీదుగా పాకి గేటుని ముంచేస్తుంది. కాపలావాళ్ళ టోపీలు మాత్రం పైన తేలుతుంటాయి. ఆమె ఆ తెల్లదనంలోంచి నడిచి వెళ్తుంది. అడుగుల చప్పుడుండదు. అటువైపు వీధిలో దుకాణాలన్నీ తెరిచే ఉంటాయి, మనుషులూ ఉంటారు, అందరూ ఆమెకి వీపు పెట్టి నిలబడి ఉంటారు. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేస్తుంది. ఎవరూ ఇటు తిరగరు. మెలకువొచ్చాక మంచం మీద కూర్చుని, తమ్ముడి ముఖం గుర్తు చేసుకోవాలని చూసేది. చెవులు గుర్తొచ్చేవి. కళ్ళు గుర్తొచ్చేవి కావు. ఊరందరి ముఖాలూ తీసిన మనిషి దగ్గర తమ్ముడి ఫొటో ఒక్కటీ లేదు.

అరవై ఐదు ఏప్రిల్‌లో, చెర్రీచెట్లు పూసిన వారం, ఎండలోనే సన్నటి వాన పడుతున్న ఒక ఉదయం, ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని స్టూడియోలోకి వచ్చింది. ఆవిడ మాటలో కొండపల్లెల యాస ఉంది. అటువైపు మనుషులని గొడుగు చూస్తేనే తెలిసింది. అటువాళ్ళు ఫొటోలకి ఇటు రావడం కొత్తేం కాదు.

"మా అమ్మాయికి పదిహేను వచ్చాయండీ. ఇన్నాళ్ళూ నా పాసులోనే రాసి ఉంది. ఇప్పుడు తనకి వేరే కావాలట," అంది ఆవిడ.

"కూర్చో తల్లీ. జుట్టు వెనక్కి తోసుకో, ఎడమ చెవి కనబడాలి," అంది మిలోయ్కా.

పిల్ల కూర్చుంది. మిలోయ్కా నల్లగుడ్డ కప్పుకుని అద్దం మీద బొమ్మ సరిచేసింది. మసక మెల్లగా విడిపోయి గడ్డం తేలింది, దాని కింద పెదవులు, దాని కింద కళ్ళు.

ఆమె చేతులు ఆగిపోయాయి.

ఇంటికి తెచ్చుకున్న ఈ పెట్టె ముందు ఆమె మొట్టమొదట కూర్చోబెట్టింది తల్లినే. పిండిచేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడయిపోతుందే అని విసుక్కుంటూ కూర్చున్న యుస్తీనా ముఖం ఇదే అద్దం మీద ఇలాగే తిరగబడి నిలబడింది. ఇప్పుడు అదే నుదురు, ఎడమ కనుబొమ కొంచెం పైకి, అదే విసుగు. వాన కిటికీ అద్దం మీద జారుతోంది. మిలోయ్కాకి తను ఏ ఏట ఉందో కాసేపు తెలియలేదు. నల్లగుడ్డలో చీకటి వెచ్చగా ఉంది. బయటికి వస్తే ఈ ముఖం మాయమైపోతుందని భయమేసింది.

"ఏమైందండీ?" అని పిల్ల అడిగింది.

మిలోయ్కా ప్లేటు పెట్టి ఫొటో తీసింది. ముందు అది చెయ్యాలనిపించింది. తర్వాత గుడ్డ తీసి, పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుంది.

"పేరేంటమ్మా?"

"మార్తా. మార్తా ఫగనెల్."

ఫగనెల్ మిలోయ్కా పుట్టింటి పేరు. పెన్ను పక్కన పెట్టింది. వచ్చినావిడ గొడుగు గోడకి ఆనించి దగ్గరికొచ్చింది.

"వదినా, నా పేరు నివెస్. ముందు మేం చెప్పకూడదన్నారు ఆయన. 'పిల్లని కూర్చోబెట్టండి, మా అక్క పోల్చుకుంటుంది, పోల్చుకోకపోతే ఫొటో తీసుకుని వచ్చేయండి' అన్నారు."

"వాడెక్కడ?" అంది మిలోయ్కా.

"మీ స్టేషన్‌కి ఎదురుగా, కంచెకి అవతల, చెస్ట్‌నట్ చెట్ల వీధిలో. ఏడాదైంది వచ్చి. గని వాళ్ళు ఇంక పనికిరావు పొమ్మన్నారు. ఊపిరితిత్తుల నిండా దుమ్ముందట. అత్తయ్యగారు పోయారని కూడా ఇక్కడికొచ్చాకే తెలిసింది."

"ఏడాది నుంచి ఉన్నాడా? స్టేషన్‌కి ఎదురుగానా?" మిలోయ్కా కుర్చీలో కూలబడింది. "నా కాళ్ళతో పావుగంట దూరం. ఏడాది నుంచీ ఒక్క కబురు పంపడానికి తీరలేదా వాడికి?"

"ఎవరి చేత పంపినా పదిమందికి తెలుస్తుంది, మీకు పాసు రాకుండా పోతుందని భయం. పిల్ల ఫొటో వంకతో వస్తే ఎవరికీ అనుమానం రాదని ఇప్పుడు పంపారు. ఆయన రాలేరు వదినా. నేను ఇటలీ కొండపల్లెలో పుట్టినదాన్ని కనుక నాకు పాసిచ్చారు, ఆయన పుస్తకం వేరే."

నివెస్ ఆ పుస్తకం సంగతి చెప్పింది. దేశం విడిచి వచ్చినవాళ్ళకి బెల్జియం వాళ్ళు ఇచ్చేది. అట్ట మూల మీద రెండు గీతలు ఏటవాలుగా ఉంటాయి. లోపల జ్మాగో ఫొటో, ముద్ర, దాని కింద ఒక వరస. అన్ని దేశాలకూ చెల్లును, యుగోస్లావియాకు తప్ప.

"అమెరికాకి వెళ్ళొచ్చు, జపానుకి వెళ్ళొచ్చు," అంది మార్తా. "నాన్న రోజూ పొద్దున్న కిటికీలోంచి మీ వైపు కొండ చూస్తుంటారు. అక్కడికే వెళ్ళకూడదు."

"పారిపోయినవాళ్ళని క్షమించామని మూడేళ్ళ కిందట పేపర్లో వేశారుగా?" అంది మిలోయ్కా.

"నేనూ అదే అన్నాను. 'పేపర్లో వేసింది గేటు దగ్గర కుర్రాడు చదివాడో లేదో' అంటారు," అంది నివెస్.

వాళ్ళు వెళ్ళాక మిలోయ్కా తలుపు గడియ వేసుకుని డార్క్‌రూంలోకి వెళ్ళింది. ఎర్ర దీపం కింద తొట్టిలో మార్తా ముఖం నెమ్మదిగా తేలి వచ్చింది. మామూలుగా ప్రతి నెగెటివ్‌కీ పెన్సిలుతో టచింగ్ చేసేది, కళ్ళ కింద నలుపు తీసేది. దీనికి ఏమీ చెయ్యలేదు. తల్లిని, తమ్ముణ్ణి, ఆ పిల్లని ఒకే నీళ్ళలో చూస్తూ లోయ్జె వచ్చి తలుపు తట్టేదాకా నిలబడింది.

నవంబరు దాకా ఆగలేదు. మర్నాడే తన ఫొటో తీయించుకుని పదకొండోసారి దరఖాస్తు పెట్టింది. అక్టోబరు మొదట్లో పాసు వచ్చింది. ఎందుకిచ్చారో ఎవరూ చెప్పలేదు. ఇవ్వనప్పుడూ చెప్పలేదు కనుక ఆమె అడగలేదు. లోయ్జె ఆ చిన్న పుస్తకాన్ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు.

"ఈ మొహానికి కాదనలేరని చెప్పానుగా," అన్నాడు. అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి తిన్నగా గేటుకి వెళ్ళింది. ఇటు పోలీసు ఫొటో చూశాడు, ముఖం చూశాడు, ముద్ర వేశాడు. ముప్పై అడుగులు నడిచాక అటు పోలీసు కూడా ఫొటో చూశాడు, ముఖం చూశాడు. అంతే. అటువైపు వీధిలో ఎవరో మేడ మీంచి తివాచీ దులుపుతున్నారు. ఆ దెబ్బల చప్పుడు గట్టిగా వినిపించింది. ఎవరూ ఆమెకి వీపు పెట్టి నిలబడలేదు. ఇద్దరు ముసలివాళ్ళు దారి కూడా ఇచ్చారు. మిలోయ్కా గోడలు తాకుతూ నడిచింది. పని నేర్చుకున్న స్టూడియో ఉన్నచోట ఇప్పుడు మందుల దుకాణం ఉంది. కాఫీ వేయించే వాసన పెప్కా చెప్పిన మూల మీదే తగిలింది. ఇంతకాలం ఇతరుల నోట విని కట్టుకున్న వీధి అది, రాయి రాయీ నిజమవుతోంటే ఆమెకి నిద్రలో నడుస్తున్నట్టే ఉంది. తమ్ముడు గేటు దగ్గరే ఉంటానని నివెస్ చేత చెప్పించిన సంగతి కూడా మర్చిపోయింది.

జోళ్ళ దుకాణం అద్దం ముందు ఆగింది. ఎర్రటి మడమలున్న జత ఒకటి చూస్తోంది. అద్దంలో తన భుజం వెనక ఒక మనిషి కనిపించాడు. టోపీ, సన్నటి మెడ, నెరిసిన మీసం. ఊపిరి తీసుకుంటుంటే అతని భుజాలు లేచి పడుతున్నాయి. ఎవరో ముసలాయన అనుకుంది. అప్పుడు చెవులు చూసింది.

"అక్కా, అవి నీకు పట్టవు," అన్నాడతను. "నీవి నాన్న పాదాలు."

మిలోయ్కా వెనక్కి తిరగలేదు. అద్దంలోకే చూస్తూ అడిగింది.

"ఎంతసేపయిందిరా వెనక పడి వస్తూ?"

"గేటు దగ్గర్నించీ. నా పక్కనుంచే వెళ్ళావు, చూళ్ళేదు. సరే, ఊరు చూసుకోనీ అనుకున్నాను. పదిహేడేళ్ళు ఆగినవాణ్ణి, ఒక వీధి ఆగలేనా?"

"కంకుల బుట్ట అక్కడే వదిలేసి పోయావు. మొయ్యలేక చచ్చాను," అంది. అప్పుడు వెనక్కి తిరిగి, అతని కోటు రెండు చేతుల్తో పట్టుకుని, దుకాణం ముందే నిలబడిపోయింది. జనం పక్కనుంచి నడిచి వెళ్ళారు.

అప్పటినుంచి నెలకి నాలుగుసార్లు, ఆరేళ్ళకి పైగా, ఆమె ఒక్కసారీ మానలేదు. పాసులో ముద్రలు నిండిపోతే కొత్త పాసు తీసుకుంది, కొత్త ఫొటో పెట్టింది. ఒకసారి తమ్ముడికి సోల్కన్ తోటలో పెరిగిన రాడిక్కియో ఆకుకూర తీసుకెళ్ళేది, ఇంకోసారి పుల్లటి టర్నిప్‌తో కాచిన యోతా పులుసు క్యారేజీలో పోసుకుని వెళ్ళేది. గేటు దగ్గర పోలీసు మూత తీసి వాసన చూసి, "ఇవాళ వెల్లుల్లి ఎక్కువైంది పిన్నీ" అనేవాడు. జ్మాగో కిటికీ దగ్గర కూర్చుని తినేవాడు. అక్కడినుంచి కొండ మీద తెల్లటి చర్చి, దాని కింద సోల్కన్ ఇళ్ళ పెంకులు కనబడేవి. తినడం తక్కువ, అడగడం ఎక్కువ.

"బావి పక్క అత్తిచెట్టు ఉందా?"

"ఉంది."

"బడి గోడకి మా పేర్లు చెక్కాం. సున్నం కొట్టేశారా?"

"రెండుసార్లు. అయినా గీతలు తెలుస్తాయి."

"అమ్మని ఏ వైపు పెట్టారు?"

"నది వైపు గోడ దగ్గర. పక్కన చోటుంది."

అలా చెప్పుకుంటుంటే మధ్యాహ్నం వెలుగు గది నేల మీద జరిగి గోడెక్కేది. ఇద్దరూ ఆ ఊళ్ళో సందు సందూ తిరిగి వచ్చినట్టే ఉండేది. ఒక్కోసారి మాటల మధ్యలో జ్మాగో కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోయాడనుకుని ఆమె ఆపితే, "ఆగావేం? ఇంకా బావి మలుపు దగ్గరే ఉన్నాం," అనేవాడు.

ఇటలీ వాళ్ళ పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టమని నివెస్ ఎన్నోసార్లు పోరింది. పెట్టాడు కూడా. ఆ కాగితాలు ఒక బల్ల మీంచి ఇంకో బల్లకి నడుస్తూనే ఉన్నాయి. అది చేతికొస్తే వస్తానన్నాడు. డెబ్భై రెండు ఫిబ్రవరిలో, మంచు కరుగుతున్న వారం, కిటికీ దగ్గర కుర్చీలోనే పోయాడు. నలభై నాలుగేళ్ళు నిండలేదు.

అమ్మ పక్కన పెట్టమని నివెస్‌తో ముందే చెప్పి ఉంచాడు. మిలోయ్కా, మార్తా కలిసి ఆఫీసుకి వెళ్ళారు. చనిపోయినవాళ్ళని సరిహద్దు దాటించడానికి వేరే కాగితం ఉంటుంది, శవానికి పాసులాంటిది. పేరు, ఊరు, పోయిన తేదీ, జబ్బు అంటుకునేది కాదని డాక్టరు సంతకం. మిలోయ్కా అలవాటు కొద్దీ సంచిలోంచి తమ్ముడి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. అంతకు ముందు వేసవిలో వాళ్ళింటి కిటికీ దగ్గర చిన్న కెమెరాతో తీసింది.

"ఫొటో అక్కర్లేదమ్మా దీనికి," అన్నాడు గుమాస్తా మెత్తగా.

ఆమె ఫొటో తీసి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. రెండు రోజుల్లో కాగితం చేతికొచ్చింది. ఏ బల్లా దాన్ని ఆపలేదు.

గేటు దగ్గర పెట్టె ఉన్న బండి ఆగింది. అటు పోలీసు కాగితం చదివి ముద్ర వేశాడు. ఇటువైపు ఉన్నది యోతా వాసన చూసే పోలీసే. కాగితం చదివాడు, పేరు దగ్గర ఆగాడు, మిలోయ్కా వైపు చూశాడు. ఆ క్యారేజీలు ఎవరి కోసమో అతనికప్పుడు తెలిసింది. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"బండి లోపల చూడాలని రూలుంది పిన్నీ," అన్నాడు నెమ్మదిగా. "నేను చూశాను. వెళ్ళండి."

బండి కదిలింది. మార్తా మేనత్త చెయ్యి పట్టుకుంది. పొగమంచు నదివైపు నుంచి వచ్చి బడి గోడ మీదుగా, అత్తిచెట్టు మీదుగా సాగుతోంది. బండి వాటన్నిటి పక్కనుంచీ మెల్లగా వెళ్ళింది. ఇవన్నీ చూపించమని ఎవరూ బండివాడికి చెప్పలేదు, శ్మశానానికి దారి అదే. ఊళ్ళో వాళ్ళు గుమ్మాల్లో నిలబడ్డారు. చాలామందికి ఆ పెట్టెలో ఎవరో తెలియదు. యుస్తీనా కొడుకట అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

మిలోయ్కా అరవై ఏళ్ళ దాకా స్టూడియో నడిపింది. తర్వాత యంత్రంలో నాణెం వేస్తే ఫొటో వచ్చే రోజులొచ్చాయి. దేశం పేరు మారింది, పాసు రంగు మారింది. లోయ్జె పోయాడు, నివెస్ పోయింది. మార్తా అటు బడిలో టీచరై, పెళ్ళి చేసుకుని, ఆదివారం ఆదివారం వచ్చి మేనత్తని చూసి వెళ్ళేది. రెండువేల ఏడు డిసెంబరులో గేట్లు తీసేశారు. కాపలాగదులకి తాళాలు పడ్డాయి. అప్పటికి మిలోయ్కాకి ఎనభై రెండు.

ఆ తర్వాత వచ్చిన మే నెలలో మార్తా ఆమెని స్టేషన్ ముందు ఖాళీజాగాకి తీసుకొచ్చింది. ఒకప్పుడు కంచె ఉన్నచోట నేల మీద రాతిపలక ఒకటి పరిచారు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఎండ వెచ్చగా ఉంది, లిండెన్ చెట్లు అప్పుడే చిగురు తొడిగాయి. పిల్లలు సైకిళ్ళ మీద ఆ పలక మీంచి అటూ ఇటూ గుండ్రంగా తిరుగుతున్నారు. మిలోయ్కా ఒళ్ళో సంచి మీద చేతులు పెట్టుకుని, వాళ్ళని చూస్తూ చూస్తూ కునుకు తీసింది.

"అత్తా, కల కన్నావా? నవ్వుతున్నావు," అంది మార్తా.

"లేదే, మెలకువగానే ఉన్నాను. ఎవరో కాఫీ వేయిస్తున్నారు."

"మా వైపు నుంచి. వెళ్ళి తాగుదామా?"

"పద," అంది మిలోయ్కా, బెంచీ పట్టుకుని లేస్తూ.